మా తమ్ముడు బి.డి. (పాస్టర్ల వేదాంత డిగ్రీ) చదువుతానంటున్నాడు: లూథరన్ సెమినరీల చరిత్ర, చదువు గురించి తెలిసినవాళ్ళు చెప్పగలరా?

చిలకలగూడ అన్న · శనివారం, రాత్రి 9:12

అందరికీ వందనాలు. మాది గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. తాతల కాలం నుంచి ఏ.ఇ.ఎల్.సి. సంఘస్థులం, అంటే మార్టిన్ లూథరు బాటలో నడిచే ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం వాళ్ళం. మా తమ్ముడు ఈ ఏడాది డిగ్రీ పూర్తి చేశాడు. పోయిన వారం అన్నం తింటూ ఉన్నట్టుండి "నేను సెమినరీలో చేరతాను" అన్నాడు, అంటే పాస్టర్లను తయారు చేసే వేదాంత కళాశాలలో. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు నన్ను పిలిచి అడిగాడు: అక్కడ ఏం చెప్తారు, ఎన్నేళ్ళు, చదివాక ఏమవుతాడు? నా దగ్గర జవాబు లేదు.

వాడు మన లోయర్ ట్యాంక్ బండ్ పక్కన గాంధీనగర్‌లో ఉన్న ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చేరాలనుకుంటున్నాడు. మా పెదనాన్నకు అది నచ్చలేదు. లూథరన్ పిల్లవాడు లూథరన్ సెమినరీలోనే చదవాలట, బాప్టిస్టులు, మెథడిస్టులు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళు అందరూ కలిసి చదివేచోట మన సిద్ధాంతం పల్చబడిపోతుందట. ఆయన మాట మా ఇంట్లో ఎవరూ కాదనరు. అసలు మన లూథరన్ సెమినరీలు ఎక్కడ మొదలయ్యాయి, హైదరాబాద్ కాలేజీకి వాటికీ సంబంధం ఏమిటి? వివరంగా చెప్తే నాన్నకు, పెదనాన్నకు చదివి వినిపిస్తాను.

మారేడుపల్లి మాస్టారు · శనివారం, రాత్రి 10:05

బాబూ, మీ పెదనాన్నగారి అనుమానం కొత్తది కాదు. సరిగ్గా ఆ అనుమానం మీదే అమెరికాలో ఒక సెమినరీ రెండయింది. ఆ చీలిక మన గోదావరి, కృష్ణా జిల్లాల దాకా వచ్చింది. నేను స్కూల్లో చరిత్ర చెప్పినవాణ్ణి, కాస్త పొడవవుతుంది, ఓపిగ్గా చదవండి.

పెన్సిల్వేనియాలో గెట్టిస్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో 1826లో శామ్యూల్ సైమన్ ష్ముకర్ లూథరన్ సెమినరీ పెట్టారు. అంతకుముందు న్యూయార్క్ రాష్ట్రంలో హార్ట్‌విక్ సెమినరీ ఉండేది, అది ఇంకా పాతది. కానీ మన కథకు కావలసింది గెట్టిస్‌బర్గ్. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబాలకు పాస్టర్లు చాలేవారు కారు. యూరప్ నుంచి వచ్చేవాళ్ళ కోసం ఎదురు చూడటం కంటే ఇక్కడే తయారు చేసుకుందామన్నది ష్ముకర్ ఆలోచన.

ఆయనకు ఇంకో ఆలోచన కూడా ఉంది. అమెరికాలో ఉన్న మిగతా ప్రొటెస్టెంటు సంఘాలతో కలిసి నడవాలంటే లూథరన్లు తమ పాత విశ్వాస ప్రమాణంలో కొన్ని మాటలు సడలించుకోవాలని ఆయన అనుకున్నారు. 1530లో ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి ముందు చదివిన విశ్వాస ప్రమాణం లూథరన్లకు ప్రాణం. 1855లో దాన్నే సవరించి ఒక పత్రం బయటికి వచ్చింది, దాని వెనక ఉన్నది ష్ముకరే. ప్రభువు బల్లలో క్రీస్తు నిజంగా ఉన్నాడన్న బోధ, బాప్తిస్మం గురించిన బోధ, ఇలాంటివే గొడవకు మూలం. పాత ప్రమాణాన్ని ఒక్క అక్షరం కూడా వదలం అన్నవాళ్ళు 1864లో ఫిలడెల్ఫియాలో వేరే సెమినరీ పెట్టుకున్నారు. చార్లెస్ పోర్టర్‌ఫీల్డ్ క్రాత్ వాళ్ళలో పెద్ద పండితుడు. మూడేళ్ళలో, 1867లో, సంఘాల కూటమి కూడా రెండయింది. గెట్టిస్‌బర్గ్ వైపు జనరల్ సినడ్, ఫిలడెల్ఫియా వైపు జనరల్ కౌన్సిల్.

ఇక మన వైపు రండి. 1842 జూలై 31న గుంటూరు చేరిన హయ్యరు దొర పేరు మీరంతా వినే ఉంటారు. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. అమెరికా లూథరన్లు విదేశానికి పంపిన మొదటి మిషనరీ ఆయనే. అప్పుడు గుంటూరు కలెక్టరుగా ఉన్న హెన్రీ స్టోక్స్ ఆయన్ని ఆహ్వానించి ఉండటానికి చోటిచ్చారు. తర్వాత పల్నాడులో గురజాల కేంద్రంగా పని చేశారు. మధ్యలో అమెరికా వెళ్ళినప్పుడు బాల్టిమోర్‌లో వైద్యం కూడా చదివి వచ్చారు. రాజమండ్రిలో అప్పటికే ఉత్తర జర్మనీ మిషన్ వాళ్ళు పని మొదలు పెట్టారు, డబ్బు చాలక దాన్ని అమెరికా వాళ్ళకు అప్పగించారు. అమెరికాలో చీలిక రాగానే గుంటూరు జనరల్ సినడ్ కింద, రాజమండ్రి జనరల్ కౌన్సిల్ కింద వెళ్ళాయి. అంటే పెన్సిల్వేనియాలో ఆచార్యులు ఒక పత్రం మీద వాదించుకుంటే, దాని గీత మన డెల్టా మీద పడింది.

గోదారి గట్టు · శనివారం, రాత్రి 10:48

మాస్టారూ, రాజమండ్రి సంగతి అంత తేలిగ్గా దాటేస్తే ఎలాగండీ! మాది ఆ ఊరే. 1869లో డబ్బూ మనుషులూ లేక రాజమండ్రి మిషన్‌ను ఇంగ్లీషు వాళ్ళ చర్చ్ మిషనరీ సొసైటీకి ఇచ్చేద్దామని దాదాపు నిర్ణయం అయిపోయింది. అప్పుడు హయ్యరు వయసు 76. ఇంకెవరైనా అయితే మనవళ్ళతో కూర్చునే వయసు. ఆయన నేను వెళ్తానని ముందుకొచ్చి, మళ్ళీ ఓడెక్కి వచ్చారు. ఆయన రాకపోతే రాజమండ్రి లూథరన్ సంఘమే ఉండేది కాదు, అక్కడి లూథరన్ సెమినరీ లూథర్‌గిరీ ఉండేది కాదు. మా అమ్మమ్మ ఆ కథ చెప్పేటప్పుడు గొంతు పూడుకుపోయేది.

1871లో తిరిగి వెళ్ళి ఫిలడెల్ఫియా సెమినరీలోనే విద్యార్థుల మంచిచెడ్డలు చూస్తూ, చాప్లిన్‌గా ఉంటూ 1873లో కన్నుమూశారు. గుంటూరు, పల్నాడు, రాజమండ్రి తిరిగిన మనిషి చివరి రెండేళ్ళు సెమినరీ కుర్రాళ్ళ మధ్య గడిపారు. వాళ్ళు ఆయన్ని అడిగి మన ఊళ్ళ కథలు వినే ఉంటారని నేను అనుకుంటూ ఉంటాను.

చిలకలగూడ అన్న · శనివారం, రాత్రి 11:02

మాస్టారూ, గోదారి గారూ, ఇంత ఉందని నాకు తెలియనే తెలియదు. నాన్న పక్కనే కూర్చుని విన్నాడు. "ఆ చీలిక ఇప్పుడూ ఉందా?" అని అడుగుతున్నాడు.

మారేడుపల్లి మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఆరాధన నుంచి ఇప్పుడే వచ్చాను. మీ నాన్నగారి ప్రశ్నే అసలు ప్రశ్న.

అమెరికాలో ఆ రెండు కూటములూ 1918లో కలిశాయి. 1927లో మన గుంటూరు, రాజమండ్రి సంఘాలు ఒకటై ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. కానీ గెట్టిస్‌బర్గ్, ఫిలడెల్ఫియా సెమినరీలు మాత్రం విడివిడిగానే నడిచాయి. అవి ఒక్కటైంది ఎప్పుడో తెలుసా? 2017 జూలై 1న, యునైటెడ్ లూథరన్ సెమినరీ అన్న పేరుతో. 1864 నుంచి లెక్కేస్తే 153 ఏళ్ళు. అమ్మగారింట్లో కోడళ్ళు కలవకముందే, మన దగ్గర వాళ్ళ పిల్లలు కలిసి 90 ఏళ్ళయింది.

డెలావేర్ తెలుగు · ఆదివారం, రాత్రి 8:15

నమస్తే అందరికీ. నేను హైదరాబాద్ వాణ్ణే, ఉద్యోగం మీద ఇక్కడ ఉన్నాను. రెండేళ్ళ కిందట గెట్టిస్‌బర్గ్ వెళ్ళాను, చూసింది చెప్తాను.

సెమినరీ ఒక మిట్ట మీద ఉంటుంది, ఆ మిట్టనే సెమినరీ రిడ్జ్ అంటారు. 1832లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం పైన చిన్న గోపురం ఉంటుంది. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జూలై 1న గెట్టిస్‌బర్గ్ యుద్ధం మొదలైన రోజు ఉత్తరాది సైన్యం జనరల్ జాన్ బ్యుఫోర్డ్ ఆ గోపురం ఎక్కి శత్రువు ఎటు నుంచి వస్తున్నాడో చూశాడు. మూడు రోజుల యుద్ధం. బైబిలు పాఠాలు చెప్పిన గదుల్లోనే రెండు వైపుల సైనికులనూ పడుకోబెట్టారు. యుద్ధం ముగిశాక సెప్టెంబర్ దాకా అది ఆసుపత్రే. ఇప్పుడు ఆ భవనం మ్యూజియం, 2013లో తెరిచారు. మెట్లు ఎక్కుతూ ఉంటే, ఇక్కడ హీబ్రూ పాఠం అప్పజెప్పిన కుర్రాడి గదిలో ఎవరో తమ్ముడు దాహానికి నీళ్ళడిగి ఉంటాడని అనిపించి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఇంకో విషయం. బానిసత్వం ఇంకా చట్టబద్ధంగా ఉన్న రోజుల్లో, 1835లో, డేనియల్ అలెగ్జాండర్ పేన్ అనే నల్లజాతి యువకుణ్ణి అక్కడ చేర్చుకున్నారు. తర్వాత ఆయన ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘానికి బిషప్ అయ్యారు, విల్బర్‌ఫోర్స్ యూనివర్సిటీకి అధ్యక్షుడయ్యారు. లూథరన్ సెమినరీలో చదివినవాడు మెథడిస్టు బిషప్ అయ్యాడంటే సిద్ధాంతం పల్చబడిందనాలా, చదువు పండిందనాలా? పెదనాన్నగారిని గౌరవంగానే అడుగుతున్నాను.

కవాడిగూడ పాస్టరమ్మ · ఆదివారం, రాత్రి 9:40

వందనాలు. నేను ఇక్కడే హైదరాబాద్ కాలేజీలో బి.డి. చేశాను. తమ్ముడు చేరబోయే చోటు గురించి చెప్పే హక్కు కొంచెం ఉందనుకుంటున్నాను.

ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల మొదలైంది హైదరాబాద్‌లో కాదు. 1964లో రాజమండ్రి లూథర్‌గిరి ఆవరణలోనే మొదలైంది. అక్కడున్న లూథరన్ సెమినరీ, రామయపట్నంలో ఉన్న బాప్టిస్టు సెమినరీ, డోర్నకల్‌లో ఉన్న యూనియన్ కాలేజీ కలిసి ఒకటయ్యాయి. 1970ల మొదట్లో హైదరాబాద్‌కు వచ్చింది. కాబట్టి పెదనాన్నగారూ, ఆ కాలేజీ మీది కాదని ఎవరూ అనలేరు. అది పుట్టిన నేలే లూథరన్ నేల. మా కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసిన విక్టర్ ప్రేమసాగర్ గారు పాత నిబంధన పండితులు, తర్వాత మెదక్ బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ. మోడరేటర్‌గా, అంటే ఆ సంఘం మొత్తానికి పెద్దగా కూడా ఉన్నారు.

చదువు సంగతి. డిగ్రీ ఉన్నవాళ్ళకు బి.డి. నాలుగేళ్ళు, ఇంటర్ తర్వాత వస్తే ఇంకో ఏడాది ఎక్కువ. డిగ్రీ ఇచ్చేది కాలేజీ కాదు, ఇలాంటి వేదాంత కళాశాలలకు డిగ్రీలిచ్చే సెరాంపూర్ సెనేట్. పాత నిబంధన, కొత్త నిబంధన, క్రైస్తవ సిద్ధాంతం, సంఘ చరిత్ర, ఇతర మతాల అధ్యయనం, సమాజ విశ్లేషణ, కౌన్సెలింగ్, ప్రసంగ శాస్త్రం, స్త్రీల అధ్యయనం, అన్నీ ఉంటాయి. గ్రీకు, హీబ్రూ మొదట్లో భయపెడతాయి. నాకు హీబ్రూ అక్షరాలు కుడి నుంచి ఎడమకు రాయడం వచ్చేసరికి నెల పట్టింది. కానీ మన తెలుగు బైబిల్లో "కృప" అని చదివే చోట హీబ్రూలో "హెసెద్" అని ఉంటుంది. అది జాలి మాత్రమే కాదు, ఇచ్చిన మాట తప్పని ప్రేమ. నూట ముప్పై ఆరో కీర్తనలో 26 వచనాల్లోనూ అదే మాట తిరిగి తిరిగి వస్తుంది. ఆ రోజు సాయంత్రం హాస్టల్ మేడ మీదికి వెళ్ళి, చిన్నప్పటి నుంచి మా నాయనమ్మ పాడుకునే ఆ కీర్తన మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను. తమ్ముడికి అలాంటి సాయంత్రం ఒక్కటి దొరికినా నాలుగేళ్ళు వృథా కావు.

వారాంతాల్లో సంఘాలకు పంపుతారు. నన్ను ఒక బస్తీలో సండేస్కూల్‌కు పంపారు. పుస్తకంలో రాసింది అక్కడ పిల్లలకు చెప్పలేకపోతే మనకు అర్థం కానట్టే. తెలుగులో మాట్లాడటం అక్కడే నేర్చుకున్నాను, ఎందుకంటే తరగతులూ పరీక్షలూ ఇంగ్లీషులో ఉంటాయి. తమ్ముడికి ఇంగ్లీషు కాస్త బలహీనంగా ఉంటే ఇప్పటి నుంచే చదవమనండి. టెన్షన్ పడక్కర్లేదు, మొదటి ఏడాదిలో సర్దుకుంటుంది.

పల్నాటి పాఠకుడు · సోమవారం, ఉదయం 7:20

పాస్టరమ్మగారూ, మీరు చెప్పిందంతా బాగుంది. కానీ నాకూ పెదనాన్నగారి బాధే ఉంది, దాన్ని కాస్త వినండి. మా ఊళ్ళో పాతకాలం ఉపదేశిగారు ఉండేవారు. లూథరు చిన్న ప్రశ్నోత్తరి మొత్తం కంఠతా. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, ప్రతి దాని కిందా "దీని భావమేమి?" అని అడిగి పిల్లలతో చెప్పించేవారు. 1529లో లూథరు రాసింది ఇంటి యజమానులు పిల్లలకు నేర్పాలనే. ఇప్పుడు బి.డి. చేసి వచ్చిన కుర్ర అయ్యగారిని ఒకసారి ఆ ప్రశ్నోత్తరిలో బాప్తిస్మం భాగం అడిగితే పుస్తకం తెరిచి చూశారు. పెద్ద పెద్ద పుస్తకాలు చదివారు, సమాజం గురించి బాగా మాట్లాడతారు, మంచి మనిషి. కానీ మా అమ్మ చనిపోయే ముందు అడిగింది ఆ ప్రశ్నోత్తరి మాటలే. అవి ఆయన నోటి నుంచి రాలేదు. ఆ బాధ నాకు పోలేదు.

కవాడిగూడ పాస్టరమ్మ · సోమవారం, మధ్యాహ్నం 2:10

అయ్యా, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ అమ్మగారి విషయంలో మీ బాధ న్యాయం. దానికి నేను వాదన చెప్పను.

ఒక్క మాట మాత్రం. కలిసి చదివినందువల్ల ఆ మాటలు పోలేదు, సంఘం నేర్పి పంపకపోతే పోతాయి. నా గదిలో ఒక బాప్టిస్టు అమ్మాయి ఉండేది. "పసిబిడ్డకు నీళ్ళు పోస్తే ఏం లాభం, వాడికి విశ్వాసం ఏముంది?" అని రోజూ అడిగేది. జవాబు చెప్పడానికి నేను మొదటిసారి ఆ ప్రశ్నోత్తరిని నిజంగా చదివాను. బాప్తిస్మం మనం దేవునికిచ్చే మాట కాదు, దేవుడు మనకిచ్చే మాట అని లూథరు ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది. అందరూ లూథరన్లే ఉన్న గదిలో ఉంటే ఆ ప్రశ్న నన్నెవరూ అడిగేవారు కారు.

మారేడుపల్లి మాస్టారు · సోమవారం, సాయంత్రం 6:30

పాస్టరమ్మా, మంచి మాట చెప్పావు తల్లీ. దానికి నేను చరిత్ర నుంచి ఒకటి కలుపుతాను.

మీ చేతిలో ఉన్న సెరాంపూర్ డిగ్రీ ఎక్కడిది? సెరాంపూర్ కాలేజీ పెట్టిన కేరీ, మార్ష్‌మన్, వార్డ్ ముగ్గురూ బాప్టిస్టు మిషనరీలు. ఈస్టిండియా కంపెనీ తన ప్రాంతంలో మిషనరీలను రానివ్వకపోతే కలకత్తా పక్కన డెన్మార్క్ వాళ్ళ సెరాంపూర్‌లో తలదాచుకున్నారు. 1818లో కాలేజీ పెట్టారు. 1827లో దానికి డిగ్రీలిచ్చే అధికారం రాసిచ్చింది డెన్మార్క్ రాజు ఆరవ ఫ్రెడరిక్. డెన్మార్క్ లూథరన్ రాజ్యం. అంతకు 121 ఏళ్ళ ముందు, 1706లో, తరంగంబాడి చేరిన లూథరన్ మిషనరీ జీగెన్‌బాల్గ్‌ను పంపిందీ డెన్మార్క్ రాజే. అంటే ఒక లూథరన్ రాజు బాప్టిస్టుల కాలేజీకి ఇచ్చిన పత్రం మీద ఈ రోజు లూథరన్లు, మెథడిస్టులు, సి.ఎస్.ఐ. వాళ్ళు అందరూ డిగ్రీ తీసుకుంటున్నారు.

ఇంకొకటి పెదనాన్నగారికి తప్పకుండా చెప్పండి. ఒక్క అక్షరం వదలం అన్న ఫిలడెల్ఫియా వాళ్ళ చేతిలో ఉన్నది రాజమండ్రి. మిగతా సంఘాలతో కలిసి నడుద్దామన్న గెట్టిస్‌బర్గ్ వాళ్ళ చేతిలో ఉన్నది గుంటూరు. అందరూ కలిసే కాలేజీ గుంటూరులో మొదలై ఉంటే ఆశ్చర్యం లేదు. కానీ మొదలైంది రాజమండ్రిలో! ఆ పట్టుదల వారసులే తమ సెమినరీ ఆవరణలో బాప్టిస్టులకూ డోర్నకల్ వాళ్ళకూ చోటిచ్చారు. తమ విశ్వాసం మీద గట్టి నమ్మకం ఉన్నవాడికి పక్కవాడు వచ్చి కూర్చుంటే భయం ఉండదని నేను నమ్ముతాను.

పల్నాటి తమ్ముడూ, నీ బాధకు మందు ఆ కాలేజీలో కాదు, మన సంఘాల్లో ఉంది. పిల్లవాడు సెమినరీకి వెళ్ళేముందే ప్రశ్నోత్తరి నోటికి రావాలి. అది నేర్పాల్సింది మనం.

డెలావేర్ తెలుగు · సోమవారం, రాత్రి 9:55

అక్కడి చదువు గురించి కూడా ఒక మాట. అమెరికాలో లూథరన్ పాస్టరు కావాలంటే మామూలుగా నాలుగేళ్ళ ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ) చేయాలి. అందులో ఒక ఏడాది మొత్తం ఏదో ఒక సంఘంలో అనుభవమున్న పాస్టరు దగ్గర ఇంటర్న్‌షిప్. కొన్ని వారాలు ఆసుపత్రిలో రోగుల మంచాల పక్కన కూర్చునే శిక్షణ కూడా తప్పనిసరి. పల్నాటి అన్న అమ్మగారి గురించి చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. చివరి గడియల్లో ఏం మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో పుస్తకంలో రాదు.

పాస్టరమ్మగారి కోసం ఇంకొకటి: 1970లో ఉత్తర అమెరికాలో మొదట పాస్టరుగా అభిషేకం పొందిన లూథరన్ స్త్రీ ఎలిజబెత్ ప్లాట్జ్ గెట్టిస్‌బర్గ్‌లో చదివినవారే. మన దగ్గర 2013లో నంద్యాలలో పుష్పలలిత గారు సి.ఎస్.ఐ.కి మొదటి మహిళా బిషప్ అయినప్పుడు నేను ఆ ఫోటో మా అమ్మకు పంపాను. ఇప్పటికీ ఆమె బైబిల్లో ఉంది.

అయ్యగారి ఇల్లాలు · మంగళవారం, ఉదయం 11:25

అన్నా, చరిత్ర అంతా బాగుంది. మీ నాన్నగారు మూడోది అడిగారు కదా, చదివాక ఏమవుతాడని. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెప్తాను.

మా వారు పాస్టరై పద్దెనిమిదేళ్ళయింది. మేము మొదట వెళ్ళిన ఊళ్ళో జీతం మూడు నెలలకొకసారి వచ్చేది. బియ్యం సంఘస్థులిచ్చేవారు, పాలకు అప్పు పెట్టేదాన్ని. తమ్ముడికి ఈ సంగతి ముందే తెలియాలి, దాచకండి. పెళ్ళి చేసుకునే అమ్మాయికి కూడా తెలియాలి. అదే ఊళ్ళో వరద వచ్చిన రాత్రి చర్చి తలుపులు తీసి మా వారు ఊరందర్నీ లోపలికి పిలిచారు, ఏ కులమని అడగలేదు, ఏ మతమని అడగలేదు. తెల్లారి నేను వంద మందికి గంజి కాచాను. మా పెద్దాడు ఇప్పుడు ఆ రాత్రే చెప్పుకుంటాడు, పాల అప్పు వాడికి గుర్తు లేదు.

తప్పకుండా బి.డి.తో పాటు వేరే చదువు కూడా చేతిలో ఉండాలి. డిగ్రీ ఉందన్నారు కాబట్టి వీలైతే బి.ఇడి. కూడా ఆలోచించమనండి.

చిలకలగూడ అన్న · మంగళవారం, రాత్రి 10:30

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఇందాక పెదనాన్నకు ఫోన్లో మొత్తం చదివి వినిపించాను. గంటకు పైగా పట్టింది. రాజమండ్రి దగ్గరికి వచ్చేసరికి "మళ్ళీ చదువు" అన్నాడు. హయ్యరు 76 ఏళ్ళకు ఓడెక్కాడన్నది రెండుసార్లు చదివించుకున్నాడు. అక్క రాసిన పాల అప్పు సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు.

చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. కాలేజీ తెరిచేలోగా తమ్ముడు ప్రతి శనివారం ఫోన్లో ప్రశ్నోత్తరి ఒక భాగం ఆయనకు అప్పజెప్పాలి. పల్నాటి అన్నా, ఇది మీ అమ్మగారి వల్లే జరిగింది. మొదట బాప్తిస్మం భాగమే చెప్పమన్నాడు.

నాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ రేపు అప్లికేషన్ కోసం గాంధీనగర్ వెళ్తున్నామంటే తన బండి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. పాస్టరమ్మగారూ, సంఘం నుంచి సిఫార్సు ఉత్తరం ముందు తీసుకోవాలా, అప్లికేషన్ నింపాక తీసుకోవాలా?

కవాడిగూడ పాస్టరమ్మ · మంగళవారం, రాత్రి 10:41

ముందు అయ్యగారిని కలవండి. ఉత్తరం కోసం కాదు, తమ్ముడికి ప్రార్థన చేయించడానికి. ఉత్తరం సంగతి అక్కడే తేలిపోతుంది. మధ్యాహ్నం పన్నెండు లోపు కాలేజీకి వస్తే నేనూ ఆ పక్కనే ఉంటాను, లైబ్రరీ చూపిస్తాను.